ఆక్సిజన్ తగ్గినా ఊపిరాడనట్టు ఎందుకు అనిపించదు?

1875 ఏప్రిల్ 15న పారిస్ నుంచి ‘జెనిత్’ అనే బెలూన్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్లు ఆకాశంలోకి లేచారు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుందని వాళ్లకు బాగా తెలుసు. ఆక్సిజన్ కలిపిన గాలిని సంచుల్లో నింపుకుని వెంట తీసుకెళ్లారు. ఎత్తు 8,000 మీటర్లకు దగ్గరపడేసరికి ముగ్గురూ స్పృహ తప్పారు. చివరికి ప్రాణాలతో నేల మీదికి దిగింది గాస్టన్ టిస్సాండియే ఒక్కడే. క్రోచే-స్పినెల్లి, సివెల్ పైనే చనిపోయారు.

టిస్సాండియే తర్వాత రాసిన వివరాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అతనికి ఊపిరాడని బాధ ఏమాత్రం కలగలేదు. పైగా లోపల ఏదో తెలియని ఆనందం. చుట్టూ వెలుగు, ప్రమాదం గురించిన ధ్యాసే లేదు. 8,000 మీటర్లకు చేరామని అరుద్దామనుకుంటే నాలుక కదల్లేదు. పక్కనే ఉన్న ఆక్సిజన్ గొట్టం అందుకుందామంటే చెయ్యి లేవలేదు.

ఆక్సిజన్ అందక మెదడు ఆరిపోతుంటే ఆ మనిషికే ఆ సంగతి తెలియకపోవడం ఎలా సాధ్యం? ముక్కు మూసుకుని ఒక్క నిమిషం కూర్చుంటేనే ప్రాణం గిలగిల్లాడుతుంది కదా. నిజానికి ఆక్సిజన్ తగ్గితే పసిగట్టే ఏర్పాట్లు ఒంట్లో చాలానే ఉన్నాయి. మెడలో ఒకటి, ఊపిరితిత్తుల్లో ఒకటి, మూత్రపిండాల్లో ఒకటి. ఆ మాటకొస్తే ప్రతి కణంలోనూ ఒకటి ఉంది. ఒక్కొక్కటి కొలిచేది ఒక్కోటి, స్పందించే వేగం ఒక్కోటి. మనకు బాధగా తెలియజేయడం మాత్రం వీటిలో దేనికీ ప్రధానమైన పని కాదు. ఈ ఒక్క విషయం అర్థమైతే వైద్యంలో చిక్కుముడుల్లా కనిపించే చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి.

మూడు కొలతలు

ముందుగా ఒక తేడా తెలియాలి. రక్తంలో ఆక్సిజన్‌ను మూడు రకాలుగా కొలవచ్చు. మొదటిది పీడనం. ధమనుల్లో ఇది మామూలుగా 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. రెండోది సంతృప్తత, అంటే హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందన్నది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ చూపించేది ఇదే. మూడోది మొత్తం పరిమాణం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 100 మిల్లీలీటర్ల ధమని రక్తం దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. దాదాపు అదంతా హిమోగ్లోబిన్‌కు అంటుకునే ఉంటుంది. నీటిలో చక్కెరలా రక్తంలో కరిగి ఉండేది 0.3 మిల్లీలీటర్లే.

ఈ మూడూ కలిసే పెరగాలని, కలిసే తగ్గాలని లేదు. రక్తహీనతతో హిమోగ్లోబిన్ సగానికి పడిపోయినవాళ్లలో పీడనం మామూలుగానే ఉంటుంది. ఆక్సీమీటరూ 98 చూపిస్తుంది. రక్తం మోస్తున్న ఆక్సిజన్ మాత్రం సగమే. పీడనానికీ సంతృప్తతకూ మధ్య ఉన్న సంబంధం కూడా తిన్నని గీత కాదు. పీడనం 100 నుంచి 60కి పడిపోయినా సంతృప్తత 90 శాతం దగ్గరే నిలబడుతుంది. అక్కడి నుంచి ఇంకాస్త తగ్గితే నిట్టనిలువునా జారిపోతుంది. పీడనం 27కి వచ్చేసరికి సగం హిమోగ్లోబిన్ ఖాళీ అయిపోతుంది. 60 అనే ఈ అంకె ముందు ముందు మళ్లీ వస్తుంది.

మెడలో ఉన్న కాపలా

దవడ కింద వేలు పెడితే కొట్టుకునే ధమని ఉంది కదా, అది కాస్త పైకి వెళ్లి రెండుగా చీలుతుంది. ఒక పాయ మెదడుకు, ఇంకోటి ముఖానికి. సరిగ్గా ఆ చీలిక దగ్గర బియ్యపు గింజంత కణజాలం అతుక్కుని ఉంటుంది. దాని పేరు కెరోటిడ్ బాడీ. మెడకు రెండు పక్కలా చెరొకటి. మెదడుకు వెళ్లే రక్తం దీని పక్క నుంచే పోవాలి. కాపలా పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఒంట్లో లేదు.

ఇది ఆక్సిజన్‌ను పసిగట్టే అవయవమని తేలడానికి చాలా కాలం పట్టింది. 1920ల్లో స్పెయిన్ శాస్త్రవేత్త ఫెర్నాండో డి కాస్ట్రో ఈ కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అక్కడి నరాల అల్లికను బట్టి ఇది రక్తపు రసాయనాన్ని రుచి చూసే అవయవం కావచ్చని ఊహించాడు. బెల్జియంలోని గెంట్ నగరంలో కోర్నేల్ హేమాన్స్ కుక్కల మీద ప్రయోగాలు చేసి దాన్ని రుజువు చేశాడు. ఆయనకు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. డి కాస్ట్రో పేరు ఆ బహుమతిలో లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం.

కెరోటిడ్ బాడీకి అందే రక్తం దాని బరువుతో పోలిస్తే అపారం. గ్రాముకు లెక్కేస్తే ఒంట్లో ఇంత రక్తం అందుకునే అవయవం మరొకటి లేదు. అందులోంచి అది వాడుకునే ఆక్సిజన్ చాలా తక్కువ భాగం. అందుకే దానికి తెలిసేది ధమనిలోని పీడనం మాత్రమే. రక్తం మొత్తంగా ఎంత ఆక్సిజన్ మోస్తోందో దానికి పెద్దగా పట్టదు. రక్తహీనత ఉన్నవాళ్లు కదలకుండా కూర్చున్నప్పుడు ఆయాసపడకపోవడానికి కారణం ఇదే. నడిస్తే వాళ్లకు వచ్చే ఆయాసానికి దారులు వేరు.

కార్బన్ మోనాక్సైడ్ అంత ప్రమాదకరం కావడానికీ ఇదే మూలం. తలుపులు మూసిన గదిలో బొగ్గు కుంపటి వెలిగితే ఆ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్రమించుకుంటుంది. ఆక్సిజన్‌కు చోటుండదు. కానీ రక్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్ పీడనం తగ్గదు కాబట్టి మెడలోని కాపలా మౌనంగా ఉండిపోతుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. ఆయాసం రావాల్సినంతగా రాదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇక ఆ కణజాలం లోపల జరిగేది చూద్దాం. అందులో గ్లోమస్ కణాలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఆక్సిజన్ పీడనం పడిపోగానే వాటి పొరలో పొటాషియం బయటికి పోయే దారులు మూసుకుంటాయి. దాంతో కణం లోపలి విద్యుత్ స్థితి మారుతుంది, క్యాల్షియం లోపలికి దూసుకొస్తుంది, కణం తనలో దాచుకున్న రసాయనాలను పక్కనున్న నరపు కొస మీద కుమ్మరిస్తుంది. ఆ రసాయనాల్లో ముఖ్యమైనది ఏటీపీ. మిగతా కణాలు శక్తిగా ఖర్చుపెట్టుకునే ఏటీపీయే ఇక్కడ వార్తాహరుడి పని చేస్తుంది. వార్త నాలుకకు, గొంతుకు వెళ్లే తొమ్మిదో కపాల నరం గుండా మెదడు అడుగున ఉన్న మెడుల్లాకు చేరుతుంది. అక్కడి నుంచి ఊపిరి కండరాలకు ఆజ్ఞ వెళ్తుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది.

అసలు ఆ పొటాషియం దారులకు ఆక్సిజన్ తగ్గిందని చెప్పేదెవరు అన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. కణంలో ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వైపే ఎక్కువ ఆధారాలున్నాయి. మామూలు కణాల్లో ఆక్సిజన్ దాదాపు అడుగంటేదాకా మైటోకాండ్రియా పని చేస్తూనే ఉంటుంది. గ్లోమస్ కణాల్లో మాత్రం అది చాలా ముందే తడబడుతుంది. మామూలుగా లోపం అనిపించే ఈ బలహీనతే ఇక్కడ ఆ కణం చేయాల్సిన పని.

కెరోటిడ్ బాడీలు లేకపోతే ఏమవుతుందో మనుషుల్లోనే తెలిసింది. 1940ల్లో జపాన్ సర్జన్ కోమెయి నకయామా ఉబ్బసానికి వైద్యంగా వీటిని తీసేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. ఉబ్బసానికి అది మందు కాదని తర్వాత తేలింది. ఇలా రెండు వైపులా తీసేసినవాళ్లను కొన్నాళ్లకు పరీక్షిస్తే, ఆక్సిజన్ తగ్గించినా వాళ్ల ఊపిరి వేగం పెరగలేదు. మనిషిలో ఆక్సిజన్ తగ్గితే ఊపిరి పెంచే పని దాదాపుగా ఈ రెండు గింజలదేనని అలా రూఢి అయింది. మత్తుమందులు, నల్లమందు జాతి నొప్పి మందులు ఈ స్పందనను బాగా మందగింపజేస్తాయి. ఆపరేషన్ తర్వాత రోగిని కొంతసేపు కనిపెట్టుకుని ఉండడానికి అదొక కారణం.

ఉక్కిరిబిక్కిరి చేసేది మరొకటి

ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే ఆ తపన ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల కలిగేది. మెడుల్లా కింది భాగంలో కొన్ని నాడీకణాలు తమ చుట్టూ ఉన్న ద్రవపు ఆమ్లతను కనిపెట్టి ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆమ్లత పెరుగుతుంది, వెంటనే ఊపిరి పెరుగుతుంది. ధమనిలో దాని పీడనం మామూలుగా 40 దగ్గర ఉంటుంది. అది ఒక్క మిల్లీమీటరు పెరిగినా చాలు, విశ్రాంతిలో నిమిషానికి ఆరు లీటర్లున్న శ్వాస మరో రెండు మూడు లీటర్లు పెరుగుతుంది. ఆక్సిజన్ విషయంలో శరీరం ఇంత పట్టుదలగా ఉండదు. పీడనం 100 నుంచి 60 దాకా పడిపోయినా శ్వాస పెద్దగా మారదు. ఆ 60 దాటాకే మెడలోని కాపలా గట్టిగా కేక వేస్తుంది. 60 దాకా హిమోగ్లోబిన్ నిండుగానే ఉంటుంది కాబట్టి అంతవరకు కంగారుపడాల్సిన అవసరమూ లేదు.

చిక్కేమిటంటే ఈ రెండు వ్యవస్థలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆక్సిజన్ తగ్గితే స్పందన రెండింతలు బలంగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉంటే ఆక్సిజన్ కేక మెదడుకు సరిగా వినపడదు. బెలూన్‌లో జరిగింది ఇదే. పైకి వెళ్తున్నకొద్దీ వాళ్లు తమకు తెలియకుండానే ఎక్కువగా ఊపిరి తీసుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ కొట్టుకుపోయింది. దాంతో తపన పుట్టలేదు.

నీళ్లలో ఎక్కువసేపు మునిగి ఉండాలని గబగబా లోతుగా ఊపిరి పీల్చుకుని దూకే ఈతగాళ్లను మింగేసేదీ ఇదే. అలా పీల్చితే ఆక్సిజన్ నిల్వ పెరుగుతుందని వాళ్లు నమ్ముతారు. హిమోగ్లోబిన్ అప్పటికే 97 శాతం నిండి ఉంది. కొత్తగా చేరేది చాలా కొద్ది. బయటికి పోయేది కార్బన్ డయాక్సైడ్. అంటే పైకి రమ్మని తరిమే హెచ్చరికను ముందే చెరిపేసుకుని నీళ్లలోకి దిగుతున్నారన్నమాట. లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు నీటి ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ పీడనం ఇంకా పడిపోతుంది. అందుకే నీటి మట్టానికి కాస్త కింద, ఇక పైకి వచ్చేశామనుకునే క్షణంలో స్పృహ పోతుంది. ఈత బాగా వచ్చినవాళ్లే ఇలా చనిపోతుంటారు. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి, పిల్లలను చేయనివ్వకండి.

2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ వెళ్తున్న హీలియోస్ విమానంలోనూ ఇదే జరిగింది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని నియంత్రించే స్విచ్ మాన్యువల్ స్థానంలో ఉండిపోవడంతో పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి పలచబడింది. హెచ్చరిక మోగినా పైలట్లు దాన్ని మరో హెచ్చరికగా పొరబడ్డారు. సరిగా ఆలోచించాల్సిన మెదడే ముందు దెబ్బతింది. ఇంధనం అయిపోయేదాకా విమానం తనంతట తాను ఎగిరి కూలింది. అందులో ఉన్న 121 మందీ చనిపోయారు. విమానం ఎక్కినప్పుడు ముందు మీ మాస్కు పెట్టుకున్నాకే పక్కవాళ్లకు సాయం చేయమని చెప్పేది ఇందుకే. 10,000 మీటర్లకు పైన గాలి ఒత్తిడి పోతే మనిషి తెలివిగా పని చేయగలిగేది ఒక నిమిషంలోపే.

2020లో కోవిడ్ రోగులు 80 శాతం దగ్గర సంతృప్తతతో ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చోవడం చూసి డాక్టర్లు నివ్వెరపోయారు. శరీరధర్మశాస్త్రం తెలిసినవాళ్లకు అది మరీ వింత కాదు. వాళ్లలో చాలామందికి మొదట్లో ఊపిరితిత్తులు గట్టిపడలేదు, కార్బన్ డయాక్సైడ్ సులువుగానే బయటికి పోయింది. ఆయాసం పుట్టించేవి ముఖ్యంగా ఆ రెండే.

ఊపిరితిత్తుల సొంత తీర్పు

ఒంట్లో ఎక్కడైనా ఆక్సిజన్ తగ్గితే అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం ఎక్కువగా వస్తుంది. ఊపిరితిత్తుల్లో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1946లో స్వీడన్‌కు చెందిన వాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద పరిశోధిస్తూ దీన్ని నమోదు చేశారు. ఏ వాయుగోణుల్లో, అంటే ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి తిత్తుల్లో, ఆక్సిజన్ లేదో అక్కడికి రక్తం తెచ్చే నాళం ముడుచుకుంటుంది. గాలి లేని చోటికి రక్తం పంపడం దండగ కాబట్టి, అది గాలి ఉన్న చోటికి మళ్లుతుంది. న్యుమోనియాలో ఒక భాగం చెడినా మిగతా ఊపిరితిత్తి మనల్ని నెట్టుకొస్తున్నదంటే ఈ మళ్లింపు వల్లే. ఇందులో మెదడు ప్రమేయం లేదు. నాళపు గోడలోని కండరమే నిర్ణయం తీసుకుంటుంది.

ఎత్తయిన కొండల మీద ఇదే మనకు ఎదురుతిరుగుతుంది. అక్కడ అన్ని వాయుగోణుల్లోనూ ఆక్సిజన్ తక్కువే. నాళాలన్నీ ఒకేసారి ముడుచుకుంటే గుండె కుడి భాగం మీద భారం పెరుగుతుంది. కొందరిలో ఈ ముడత అన్ని చోట్లా సమానంగా ఉండదు. ముడుచుకోని చోట్లకు ఒత్తిడి ఎగదన్ని ద్రవం వాయుగోణుల్లోకి ఊరుతుంది. దీనికి మొదటి వైద్యం కిందికి దిగడం, ఆక్సిజన్ ఇవ్వడం.

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీవోపీడీ ఉన్నవాళ్లకు ఆక్సిజన్ ఎక్కువ పెడితే ప్రమాదమని వినే ఉంటారు. ఆక్సిజన్ లోటు వల్లే వాళ్లు ఊపిరి తీసుకుంటున్నారని, లోటు తీర్చేస్తే ఊపిరి ఆపేస్తారని ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. అందులో నిజం కొంతే. పైన చెప్పిన మళ్లింపు తారుమారు కావడం పెద్ద కారణం. ఆక్సిజన్ పెట్టగానే ముడుచుకున్న నాళాలు తెరుచుకుంటాయి, సరిగా గాలి ఆడని చోట్లకు రక్తం వెళ్తుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం తగ్గుతుంది. దానికి తోడు, ఆక్సిజన్‌ను పట్టుకున్న హిమోగ్లోబిన్ తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను రక్తంలోకి వదిలేస్తుంది. అందుకే వాళ్లలో సంతృప్తతను 88 నుంచి 92 శాతం మధ్య ఉంచుతారు. పాత పాఠం విని అసలు ఆక్సిజనే పెట్టకుండా ఉండడం ఇంకా పెద్ద తప్పు.

నిదానంగా పనిచేసే లెక్క

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సెకన్లలో, నిమిషాల్లో జరిగేవి. లోటు గంటలు, రోజుల తరబడి కొనసాగితే కణాలు తమ జన్యువుల పనితీరునే మార్చుకుంటాయి. ఎలా మార్చుకుంటాయో కనిపెట్టినందుకే గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

ఆ ఏర్పాటు తలచుకుంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కణం హిఫ్ అనే ప్రొటీన్‌ను ఎడతెగకుండా తయారు చేస్తూ ఉంటుంది, అదే వేగంతో నాశనమూ చేస్తూ ఉంటుంది. నాశనం చేయాలంటే ముందు దాని మీద ఒక గుర్తు వేయాలి. ఆ గుర్తు వేసే ఎంజైముకు ముడిసరుకు ఆక్సిజనే. ఆక్సిజన్ ఉంటే గుర్తు పడుతుంది, వీహెచ్ఎల్ అనే మరో ప్రొటీన్ దాన్ని చూసి పట్టుకుంటుంది, కొద్ది నిమిషాల్లో హిఫ్ ముక్కలైపోతుంది. ఆక్సిజన్ లేకపోతే గుర్తు పడదు. హిఫ్ బతికిపోయి కేంద్రకంలోకి వెళ్లి వందలాది జన్యువులను మేల్కొలుపుతుంది. కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, ఆక్సిజన్ లేకుండా చక్కెరను కరిగించే దారి బలపడుతుంది. మూత్రపిండాల్లో ఎర్రరక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను తయారవుతుంది.

ఎర్రరక్తకణాల సంఖ్యను తేల్చే బాధ్యత మూత్రపిండానికే ఎందుకు? మూత్రపిండానికి రక్తం ఎక్కువగా వస్తే అది వడకట్టే పని పెరుగుతుంది, ఆక్సిజన్ ఖర్చూ పెరుగుతుంది. కాబట్టి రక్తప్రవాహం మారినా అక్కడి ఆక్సిజన్ స్థాయి అంతగా మారదు. రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్ తగ్గితే మాత్రం వెంటనే తేడా కనిపిస్తుంది. మెడలోని కాపలాకు పట్టని రక్తహీనతను కనిపెట్టేది ఇక్కడే. మూత్రపిండాలు చెడినవాళ్లకు రక్తహీనత వస్తే అందుకు ప్రధాన కారణం ఈ హార్మోను తగ్గడమే. హిఫ్‌ను నాశనం కాకుండా కాపాడి రక్తం పెంచే మాత్రలు ఇప్పుడు వాడుకలోకి వచ్చాయి.

ఎర్రకణాలు ఎంత పెరిగితే అంత మంచిదనుకోవద్దు. పెరుగులా చిక్కబడ్డ రక్తం సన్నటి నాళాల్లో కదలదు. ఆండీస్ పర్వతాల మీద ఉండేవాళ్లలో కొందరికి రక్తం మరీ చిక్కబడి తలనొప్పి, గుండె జబ్బు వస్తాయి. పెరూ వైద్యుడు కార్లోస్ మోంగే 1920ల్లో దాన్ని వర్ణించాడు. అంతే ఎత్తున ఉండే టిబెటన్లలో హిమోగ్లోబిన్ అంతగా పెరగదు. వాళ్లలో హిఫ్ కుటుంబానికి చెందిన ఈపీఏఎస్1 జన్యువు వేరే రూపంలో ఉందని 2010లో తేలింది. ఆ రూపం డెనిసోవన్లనే అంతరించిన మానవజాతి నుంచి సంక్రమించిందని 2014లో మరో పరిశోధన చూపించింది.

కొండ ఎక్కిన మామూలు మనిషికి తొలి రోజుల్లో సాయపడేది కొత్త రక్తం కాదు, ఊపిరి. ఆక్సిజన్ తగ్గిందని మెడలోని కాపలా ఊపిరి పెంచుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి మెడుల్లా ఊపిరిని వెనక్కి లాగుతుంది. రాత్రి నిద్రలో ఈ లాగుడు స్పష్టంగా కనిపిస్తుంది: కాసేపు గబగబా ఊపిరి, తర్వాత కొన్ని సెకన్లు పూర్తిగా ఆగడం, మళ్లీ గబగబా. రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు క్షారగుణమున్న బైకార్బొనేట్‌ను బయటికి పంపి రక్తాన్ని సరిచేస్తాయి. కెరోటిడ్ బాడీ కూడా ఇంకా సున్నితంగా మారుతుంది. కొండలెక్కేవాళ్లు వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర చేసేది ఈ బైకార్బొనేట్ పనిని తొందరపెట్టడమే.

వారాల తరబడి ఇలా అలవాటు పడిన శరీరం ఎంత దూరం వెళ్లగలదో 2007లో తెలిసింది. ఎవరెస్టు మీద 8,400 మీటర్ల ఎత్తున కొందరు వైద్య పర్వతారోహకులు తమ తొడ ధమని నుంచే రక్తం తీసి పరీక్షకు పంపారు. నలుగురి సగటు ఆక్సిజన్ పీడనం 24.6, కార్బన్ డయాక్సైడ్ 13.3. ఆస్పత్రిలో ఈ అంకెలు కనిపిస్తే రోగి బతకడనుకుంటారు. వాళ్లు నడుచుకుంటూ కిందికి దిగారు.

వేలి మీది అంకె

అనుభూతి నమ్మదగింది కాదు కాబట్టి కొలవడమే దారి. 1970ల్లో జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి కనిపెట్టిన పల్స్ ఆక్సీమీటర్ ఎర్ర కాంతినీ పరారుణ కాంతినీ వేలిగుండా పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా వాటిలో వచ్చే తేడాను లెక్కిస్తుంది. ఆపరేషన్ థియేటర్లలో అది కాపాడిన ప్రాణాలకు లెక్క లేదు.

దాని పరిమితులూ తెలిసి ఉండాలి. రక్తంలో ఎంత హిమోగ్లోబిన్ ఉందో అది చెప్పదు. కార్బన్ డయాక్సైడ్ సంగతి దానికి తెలియదు, కాబట్టి ఆక్సిజన్ పెట్టిన రోగి ఊపిరి క్రమంగా తగ్గిపోతున్నా చాలాసేపు 98 చూపిస్తూనే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ పట్టుకున్నదానిగా పొరబడుతుంది. వేళ్లు చల్లబడినా, గోళ్లకు ముదురు రంగు ఉన్నా తడబడుతుంది. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ధోరణి కూడా ఉంది. అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపించిన నల్లజాతి రోగుల్లో 11.7 శాతం మందికి అసలు సంతృప్తత 88 కంటే తక్కువగా ఉంది. తెల్లవాళ్లలో ఇలా జరిగింది 3.6 శాతం మందికే. నల్లటి, చామనఛాయ చర్మం ఉన్నవాళ్లు లోకంలో కోట్లాదిగా ఉన్నారు. వాళ్ల వేలి మీద 93 కనిపించి, మనిషి మాత్రం మగతగా, తికమకగా ఉంటే ధమని రక్తం తీసి పరీక్షించాలని పట్టుబట్టే హక్కు రోగికి, ఇంట్లోవాళ్లకు ఉంది.